వెనకాల నడిచే మనిషి

కడప,
కార్తీక పౌర్ణమి మరునాడు.

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. మూడుసార్లు చదివినాను. ఒకసారి ఏకబిగిన, ఒకసారి పెన్సిలు పట్టుకొని, ఇంకోసారి మా ఇంట్లో ఆమెకు వినిపిస్తా. సిద్ధవటంలో బస్సు దిగడం, కోట చూసుకొని పెన్న ఒడ్డున ఉగ్గాని పొట్లాలు విప్పుకోవడం, అటవీశాఖ వాళ్లకు అనుమతి కాగితం చూపించి లంకమలలోకి నడవడం, కోనలో జలపాతం, తిరుగుదారిలో పాడుబడిన గుడి. పద్నాలుగు మంది పోయి, పొద్దు గూకేలోగా పద్నాలుగు మందీ తిరిగొచ్చినారు. సంతోషం.

కాగితాలు పక్కన పెట్టినాక నా మనసులో నిలిచింది మాత్రం ఒక చెప్పు. మూడో పేజీలో "మధ్యలో ఒకామె చెప్పు తెగడంతో కాస్త ఆలస్యమైంది" అని అర వాక్యంలో దాటేసి, మరుక్షణం జలపాతం దగ్గరికి ఉరికినావు. మా ఇంట్లో ఆమె అక్కడే నన్ను ఆపింది. "ఎవరా పిల్ల? ఆ బండల మీద ఉత్తకాళ్లతో నడిచిందా? ఎవరైనా చెప్పులిచ్చినారా?" అని అడిగింది. నీ వ్యాసం మళ్లీ మళ్లీ వెతికినా నా దగ్గర జవాబు లేదు.

నీ దగ్గరా ఉండదు. ఎందుకంటే నువ్వు ముందు నడిచినావు. దారి చూపే మనిషి వెనకే, మొదటి ముగ్గురిలో. నీ వాక్యాల్లోనే తెలుస్తుంది: ప్రతిదీ నువ్వు "మొదట" చూసినావు, వెనకాల ఏం జరిగిందో తర్వాత ఎవరో చెప్పగా విన్నావు. ఈసారి వెనకాల నడువు. అందరికంటే వెనక. ఈ ఉత్తరంలో నేను చెప్పదలుచుకున్నది చాలావరకు అదే.

ముందు నడిచేవాళ్లకు అడవి మాట్లాడదు. పద్నాలుగు జతల కాళ్ల చప్పుడుకు పిట్ట గొంతు మూసుకుంటుంది, ఉడుముంటే పొదలోకి దూరుతుంది. గుంపు దాటిపోయి నాలుగైదు నిమిషాలైనాక ముందు ఒక పిట్ట, తర్వాత ఇంకొకటి, మెల్లగా అన్నీ మొదలుపెడతాయి. అది వినేది ఆఖరున నడిచే మనిషే. గుంపులో ఆఖరున ఉండేదెవరు? మోకాళ్ల నొప్పి ఉన్నాయన, ఊపిరి అందని ఆమె, చెప్పు తెగిన పిల్ల, ఇంటిదగ్గర ఏదో బాధ వదిలొచ్చి మాట్లాడబుద్ధి కాని మనిషి. వాళ్లు ప్రతి బండనూ చూసి కాలు పెడతారు, కాబట్టి దారి వాళ్లకే బాగా తెలుస్తుంది. శివరాత్రికి నిత్యపూజకోనకు నడిచేవాళ్ల వెనకాల ఒకసారి పో. ముప్పై ఏళ్లుగా వస్తున్న ముసలామె ఏ బండ దగ్గర కూర్చోవాల, ఏ చెట్టును పట్టుకొని లేయాల అనేది ముందే చెప్తుంది. అట్లాంటామె పక్కన ఒక గంట నడిస్తే దొరికే దారి వర్ణన నాలుగు పుస్తకాలు చదివినా రాదు.

జలపాతం సంగతికొస్తాను. అది "పాలనురగలు కక్కుతూ నయాగరాను తలపిస్తూ" దూకిందని రాసినావు. తల్లీ, నాలుగు రోజుల కిందట వాన పడిన కోనలో నీళ్లు పాలరంగులో ఉండవు. రాలిన ఆకుల మీదుగా వచ్చి పల్చటి డికాషను రంగులో ఉంటాయి. గుండంలో దోసిలితో ఎత్తి చూసుంటే కనపడేది. మన కొండల్లో జలపాతం బతికేది ఏడాదిలో కొన్ని వారాలు. అక్టోబరు, నవంబరు తుపాను వానలకు లేస్తుంది. సంక్రాంతికి సన్నబడుతుంది. శివరాత్రి నాటికి గోడ మీద చెమ్మ, ఎండాకాలానికి బండ మీద నల్లటి చార, అంతే. నువ్వు కరువు సీమ పిల్లవు. చిన్నప్పుడు బిందె పట్టుకొని ట్యాంకరు కోసం నిలబడినానని నువ్వే ఇంతకు ముందు ఉత్తరంలో రాసినావు. అట్లాంటి పిల్ల అన్ని నీళ్లు ఊరికే కిందికి పోతుంటే చూసి ఎందుకు కేకపెట్టిందో నయాగరా ఒడ్డున పుట్టినవాళ్లకు తెలియదు, నీకు తెలుసు. ఆ కేకను వదిలేసి నయాగరాను తెచ్చుకున్నావు. కనువిందు, ప్రకృతి ఒడి, మది దోచే అందాలు, ఇవన్నీ కొట్టేసినాను. ఆ మాటలు నీకంటే ముందు వెయ్యిమంది వాడి అరగదీసినారు, నీ కోన వాటిలో కనపడదు.

జలపాతం కింద ఎక్కడ కూర్చున్నావు? బండ మీదే కదా. ఆ బండను చూసినావా? మన కొండల్లో చాలాచోట్ల చదునైన బండల మీద వరసగా గీతలుంటాయి. ఏటి ఒడ్డున ఇసుక మీద నీళ్లు కదిలిపోయినాక మిగిలే సన్నటి అలల్లాంటివే, కాకపోతే రాతిలో. అరచేయి ఆనిస్తే ఒక్కొక్క గీత వేలి మందాన తగులుతుంది. అవి నిజంగానే అలలు. నూరు కోట్ల ఏళ్లకు పైబడిన నాడు ఇక్కడ లోతులేని సముద్రం ఉండేది. దాని అడుగున ఇసుక మీద నీళ్లు గీసిన గీతలు ఇసుకతోబాటు గట్టిపడి రాయైనాయి. ఈ నేలను శాస్త్రజ్ఞులు కడప బేసిన్ అంటారు. దానిలో రాతి పొరలకు పాపఘ్ని, చిత్రావతి, నల్లమల అని మన ఏర్ల పేర్లూ, కొండల పేర్లే పెట్టినారు. ఇప్పటి నీళ్లు అప్పటి నీళ్ల గుర్తుల మీద పడుతున్నాయి. వెనకాల నడిచే మనిషి అలిసిపోయి ముందే కూలబడి, చేయి కింద ఆనించి, ఇదేందబ్బా అనుకుంటుంది. నేను మొదటిసారి అట్లే చూసినాను, మోకాలు పట్టేసి కూర్చున్నప్పుడు.

పేర్లు అడగడం నేర్చుకో. "పేరు తెలియని చెట్లు" అని మూడుచోట్ల రాసినావు. నీకు తెలియదు, అంతే. దారి చూపిన మనిషికి తెలుసు. మొసలి వీపులాగా నల్లగా పలకలు పలకలుగా పగిలిన బెరడు కనపడితే అది ఎర్రచందనం. ఈ కొండలకూ శేషాచలానికీ పాలకొండలకూ తప్ప ఎక్కువ చోట్ల దక్కని చెట్టు. అదే అడవిలో కలివి పొదల మధ్య తిరిగే కలివికోడి అనే అరుదైన పిట్ట కథ నీకు తెలిసే ఉంటుంది. 1848లో జెర్డన్ అనే దొర దాని గురించి లోకానికి చెప్పినాడు. 1900 తర్వాత శాస్త్రజ్ఞుల కంటపడక, ఇక లేదనే అనుకున్నారు. 1986లో పరిశోధకులు ఈ చుట్టుపక్కల జనాన్ని అడుగుతూ వెతికితే, రెడ్డిపల్లి దగ్గర ఒక ఊరి మనిషే రాత్రిపూట టార్చిలైటు వెలుతురులో దాన్ని పట్టినాడు. దాని కోసమే లంకమలేశ్వర అభయారణ్యం వచ్చింది. ఆ కథలో నాకు ఎప్పటికీ నచ్చేది ఆ టార్చిలైటు పట్టుకున్న చేయి. నీ వ్యాసంలో దారి చూపిన మనిషి "గైడు" అని రెండుసార్లు వచ్చినాడు, ఒక్క మాటా మాట్లాడలేదు.

ఇక పాడుబడిన చోట్లు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చోనీ.

సిద్ధవటం కోటను "నిర్జీవ శిథిలం" అన్నావు. మట్లి రాజులు ఏలిన కోట అది. తర్వాత కుంఫిణీ వాళ్ల కాలంలో 1808 నుంచి 1812 దాకా జిల్లాకు ముఖ్యపట్టణం సిద్ధవటమే. అర్జీలు పట్టుకున్న రైతులు ఈ ఊరికే వచ్చేవాళ్లు. కచేరీ కడపకు పోయినాక ఆ అర్జీలు రాసిపెట్టి బతికేవాళ్లు ఏమైనారు, పూటకూళ్ల ఇల్లు నడిపినామె ఏమైంది? నేను ఎప్పుడు కోట వాకిట్లో నిలబడినా ఆలోచన వాళ్ల మీదికే పోతుంది. ఒక చోటు పాడుబడింది అంటే, అక్కడినుంచి ఎవరో ఎక్కడికో పోయినారని. ఎక్కడికి పోయినారో అడగకుండా శిథిలం అని రాయకూడదు.

ఈ మాట చెప్పే అర్హత నాకు తప్పు చేసి వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మేము స్నేహితులం తొమ్మిది మందిమి ఇట్లే ఒక ఆదివారం నడకకు పోయినాము, అట్లూరు వైపునుంచి. సోమశిల ఆనకట్ట నెల్లూరు జిల్లాలో ఉన్నా దాని వెనక నీళ్లు మన అట్లూరు, గోపవరం, ఒంటిమిట్ట వైపు ఊర్లను ముంచినాయి కదా. ఎండాకాలం, నీళ్లు వెనక్కి తగ్గి ఒక ఊరు బయటపడి ఉంది. మొండిగోడలు, బురద ఎండి పెచ్చులైన వీధి. ఒక అరుగు మీద కూర్చొని పులిహోర తిన్నాము. అరుగు పక్కన రోలు, రోట్లో జానెడు నీళ్లు. ఇంటికొచ్చి ఆవేశంగా రాసినాను. "మనిషి జాడ లేని ఊరు" అని పేరు పెట్టి వారపత్రికకు పంపితే అచ్చేసినారు. మెచ్చుకుంటూ నాలుగు ఉత్తరాలొచ్చినాయి.

ఐదోది పోస్టుకార్డు. బద్వేలునుంచి. ఇంకా నా దగ్గరుంది, చూసి రాస్తున్నాను: "అయ్యా, మీరు కూర్చున్న అరుగు మాది అనుకుంటున్నాను. మా ఊర్లో అరుగు పక్కన రోలు మా ఒక్కరికే ఉండేది. మా అమ్మ ఆ రోలు తీసుకుపోదామని ఏడ్చింది, బండిలో చోటు లేదు. మనిషి జాడ లేదని రాసినారు. మేము ఉన్నాము. బద్వేలులో ఉన్నాము."

మరుసటి వారమే బద్వేలు పోయినాను. ఆయన చిన్న సైకిలు షాపు పెట్టుకొని ఉన్నాడు. కోప్పడలేదు, టీ తెప్పించినాడు. వాళ్లమ్మ లోపలినుంచి వచ్చి నా ఎదురుగా కూర్చొని ఒక్కటే అడిగింది. "నాయనా, రోలు సరిగ్గానే ఉందా, ఒరిగిందా?" నాకు గుర్తులేదు. రోట్లో నీళ్లు చూసినాను, నీళ్లలో ఆకాశం కనపడిందని కూడా రాసినాను. రోలు నిలువుగా ఉందా ఒరిగిందా చూడలేదు. ఆమె తల ఊపి, నేల మీద వేలితో ఊరంతా గీసి చూపింది. బావి ఇక్కడ, రామాలయం ఇక్కడ, ఈ వీధిలో పదకొండిళ్లు, ఈ ఇంటామె పొయ్యేరోజు వాకిట్లో ముగ్గేసి బండెక్కింది. రెండు గంటలు చెప్పింది. ఆ వ్యాసాన్ని నేను ఏ సంపుటిలోనూ చేర్చలేదు. ఇప్పటికీ ఎక్కడ రోలు కనపడినా ముందు ఒరిగిందేమో చూస్తాను.

ఇది పాతకాలం కథ అనుకోవద్దు. గండికోట జలాశయం నింపినప్పుడు తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయింది 2020లోనే. గండికోట లోయ చూసి ఫొటోలు తీసుకొని తిరిగొచ్చేవాళ్లు ఆ ఊరివాళ్లను ఒక్కరినైనా పలకరిస్తే ఎంత బాగుండు అనిపిస్తుంది నాకు.

నీ గుడి సంగతి మాత్రం గట్టిగా చెప్పాల. "గర్భగుడి కింద రాజుల నిధి ఉందని ప్రతీతి" అని రాసినావు. ఆ వాక్యం తీసెయ్. మన జిల్లాలో పాత గుళ్లను తవ్వేవాళ్లను తోలేది ఈ ప్రతీతే. గర్భగుడి ముందర గుంత ఉందని, నంది రెండు ముక్కలై ఉందని, పక్కన ఎండిన నిమ్మకాయలున్నాయని నువ్వే రాసి, "కాలం చేసిన గాయం" అన్నావు. కాదమ్మా. అది గడ్డపార చేసింది. చూసింది చూసినట్టు రాసుంటే నీ వ్యాసంలో అదే అన్నిటికంటే బలమైన చోటు అయ్యేది. అట్లే ఏ మలుపులో ఎడమకు తిరగాలో, ఏ చింతచెట్టునుంచి గుడి కనపడుతుందో అదీ తీసెయ్. చదివేవాళ్లకు గుడి అందాల, తవ్వేవాళ్లకు దారి అందకూడదు. జలపాతానికీ అంతే. గుంపులు గుంపులుగా పోయి గుండంలో దూకి పిల్లలు పోతున్నారు, సీసాలు మిగులుతున్నాయి.

వంక దాటిన చోట నీళ్లు మోకాలి దాకా ఉన్నాయని తమాషాగా రాసినావు. నాకు చదువుతుంటే భయమేసింది. పైన కొండ మీద పడిన వాన కింద ఎండ కాస్తుండగానే వంకలోకి వస్తుంది. 2021 నవంబరు 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయి పులపత్తూరు, మందపల్లి ఏమైనాయో చూసినవాళ్లం. నీళ్లు ఎర్రబడుతుంటే, ఆకులూ పుల్లలూ తేలివస్తుంటే దాటొద్దు. వ్యాసం తర్వాత రాసుకోవచ్చు.

అన్నీ తప్పులే చెప్పినాననుకోకు. పెన్న వంతెన మీద పొద్దున్నే మంచులో గొర్రెల మంద ఎదురొచ్చి బస్సు ఆగిపోయిన నాలుగు వాక్యాలు నేను రాసి ఉంటే బాగుండునని అనుకున్నాను. ఒక గొర్రెపిల్ల బస్సు చక్రం నీడలో పడుకుందని చూసినావు చూడు, ఆ కన్ను నీకుంది. ఆ కన్నుతోనే మిగతా దినమంతా చూడాల.

ఇప్పుడు పని చెప్తాను. చెప్పు తెగిన ఆమె ఎవరో కనుక్కో. ఇంటికి పోయి అడుగు. ఎక్కడ తెగింది, తర్వాత ఎట్ల నడిచింది, అందరూ ముందుకు పోతుంటే ఏమనుకుంది, ఎవరు ఆగినారు. దారి చూపిన మనిషితో ఫోనులోనైనా మాట్లాడు. ఆ గుడికి ఆఖరున దీపం పెట్టిందెవరో ఆయనకు తెలిసే ఉంటుంది. తర్వాత జలపాతం లేకుండా ఒకసారి రాసి చూడు. చివర్లో కావాలంటే నీళ్ల చప్పుడు వినిపించు, చాలు.

వచ్చే ఆదివారం నాకు సిద్ధవటంలో పనుంది. ఎనిమిదింటికి కోట వాకిలి దగ్గర ఉంటాను. మీ గుంపు మళ్లీ వస్తే రానీ, వాళ్లను ముందు పోనిద్దాం. నా మోకాళ్లకు నిదానంగానే నడవాల. చెప్పు తెగినామెను కూడా పిలుచుకొని రా, మా ఇంట్లో ఆమె ఆ పిల్లకని ఓళిగలు కట్టిస్తానంది.

మీ పెదనాన్న లాంటివాడు.