ఏడుపు ఆగితే నొప్పి తగ్గినట్టేనా?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్ళు, బరువు 14 కిలోలు. గజ్జల్లో హెర్నియాకు కడపలో ఉదయం ఆపరేషన్ చేసి సాయంత్రానికే ఇంటికి పంపించారు. దారి పొడవునా హుషారుగా ఉన్నవాడు రాత్రి పదింటి నుంచి ఒకటే ఏడుపు. పారాసిటమాల్ సిరప్ రాసిచ్చారు. ఏడ్చినప్పుడే పోయాలని, ఊరికే పోస్తే అలవాటవుతుందని వాళ్ళ జేజి అంటోంది. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: ఇలాంటి ఆపరేషన్లలో నొప్పి తెలియకుండా సాధారణంగా ఒక తిమ్మిరి ఇంజెక్షన్ ఇస్తారు. దాని ప్రభావం కొన్ని గంటలే కాబట్టి, బస్సులో హుషారుగా ఉన్న బిడ్డ ఇల్లు చేరాక ఏడవడం మామూలే. ఆ తిమ్మిరి వదలకముందే మొదటి మోతాదు పడాలన్న మాట ఇంటికి పంపేటప్పుడే గట్టిగా చెప్పవలసింది; మా వైద్యులం చాలాసార్లు చెప్పము.

నొప్పి ముదిరాక పోసిన సిరప్ పనిచేయడానికి అరగంటకు పైగా పడుతుంది. అందువల్ల మొదటి రెండు రోజులు ఏడుపు కోసం ఎదురుచూడకుండా, గడియారం చూసి ఆరు గంటలకొకసారి, రోజుకు నాలుగుసార్లకు మించకుండా ఇవ్వండి. పారాసిటమాల్ అలవాటయ్యే మందు కాదని జేజికి చెప్పండి. అయితే మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది కనుక ఆమె జాగ్రత్తను తీసిపారేయలేము.

కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన మీ బాబుకు ఒకసారికి సుమారు 200 మిల్లీగ్రాములు సరిపోతాయి. సీసా మీద 5 మిల్లీలీటర్లలో 250 అని ఉంటే 4 మిల్లీలీటర్లు, 125 అని ఉంటే 8 మిల్లీలీటర్లు అవుతుంది. పసిపిల్లల డ్రాప్స్ ఇంకా చిక్కగా ఉంటాయి, వాటిని ఈ లెక్కన పోయకూడదు. చీటీలోని మోతాదుతో సరిచూసుకొని, వంటింటి చెంచాతో కాక సీసాతో వచ్చిన మూతతోనే కొలవండి. కొన్ని జలుబు సిరప్‌లలోనూ పారాసిటమాల్ ఉంటుంది, రెండూ కలిపి ఇవ్వవద్దు. ఐబూప్రొఫెన్ డాక్టరు రాస్తేనే, కాస్త అన్నం తిన్నాక ఇవ్వాలి. నిమెసులైడ్‌ను పన్నెండేళ్ళలోపు పిల్లలకు 2011లోనే మన దేశంలో నిషేధించారు. ఆస్పిరిన్ కూడా వద్దు.

మళ్ళీ సూది వేస్తారన్న భయంతో నొప్పిని దాచే పిల్లలున్నారు. ఏడవకపోయినా సరే, కాళ్ళు ముడుచుకొని కదలకుండా పడుకున్నా, ఇష్టమైన బొమ్మను ముట్టకపోయినా నొప్పి ఉన్నట్టే అనుకోండి. జేజి ఒడిలో పడుకోబెట్టుకొని కథ చెప్పడం కూడా ఇక్కడ నిజంగా పనిచేస్తుంది.

మందు పడినా నొప్పి పెరుగుతున్నా, కుట్ల దగ్గర రక్తం ఆగకపోయినా, వాపు ఎక్కువవుతున్నా, 101 డిగ్రీలు దాటి జ్వరం వచ్చినా, ఎనిమిది గంటలైనా మూత్రం పోయకపోయినా, వాంతులు ఆగకపోయినా, లేపితే సరిగా లేవకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.