కొబ్బరితోటలో డాన్స్ ఫ్లోర్ వేసేదెలా?

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి. ముందురోజు సాయంత్రం ఇంటి వెనక కొబ్బరితోటలో సంగీత్ పెట్టుకోవాలని పిల్లల సరదా. మగపెళ్లివారు హైదరాబాద్ నుంచి వస్తున్నారు. అందరూ కలిపి నూటయాభై మంది దాకా ఉంటాం. ఈవెంట్ వాళ్లని అడిగితే లైట్లు వెలిగే డాన్స్ ఫ్లోర్ ఒక్కదానికే డెబ్భై వేలన్నారు. మా నేల ఇసుక కలిసిన మెత్తటి నేల, అడుగేస్తే దిగుతుంది. తక్కువ ఖర్చులో ఏదైనా దారి చెప్పగలరా?
- ఒక పెళ్లికూతురి తల్లి, కోనసీమ

జవాబు: చెల్లెమ్మా, నేను ముప్పయ్యొక్క ఏళ్లు షామియానా సప్లయర్స్ నడిపినవాణ్ని. ఆ వెలిగే పలకల సంగతి ముందు తేల్చేస్తాను. ఏసీ హాల్లో అవి బాగానే ఉంటాయి. మాఘమాసంలో తోటలో రాత్రి ఎనిమిది దాటితే మంచు దిగుతుంది. పైన తడి, కింద కరెంటు, మధ్యలో చెప్పులు విప్పేసిన పిల్లలు. ఊరికే ఇస్తామన్నా నేనైతే వద్దంటాను.

మీకు కావలసింది గట్టి నేల. వరి నూర్చడానికి మన పెద్దవాళ్లు కళ్లం చేసేవారు చూడండి, సగం పని అదే. గడ్డి చెక్కి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికేవారు. రోజంతా పశువుల్ని తిప్పినా ఒడ్లు మట్టిలో కలిసేవి కావు. అయితే ఎద్దు అడుగు తీసి అడుగేస్తుంది. మన పిల్లలు మడమ మీద గిర్రున తిరుగుతారు. అలికిన నేల మూడో పాటకే పొడి రేగుతుంది. అందుకని కింద కళ్లం, పైన చెక్క.

ఎంత జాగా కావాలి? నూటయాభై మందికీ చోటు చేయనక్కర్లేదు. సగం మంది కుర్చీల్లోంచి కదలరు, పెద్దవాళ్లు భోజనాల వైపు చూస్తూ ఉంటారు. ఒకేసారి ఎగిరేది ముప్పై అయిదు, నలభై మంది. మనిషికి అయిదు చదరపు అడుగుల లెక్కన 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు చాలు. ఇంకో సౌకర్యం ఏమిటంటే, ప్లైవుడ్ షీటు ఎనిమిదికి నాలుగు అడుగులు ఉంటుంది కాబట్టి సరిగ్గా ఆరు షీట్లు పడతాయి, ఒక్కటీ కోయక్కర్లేదు. కోయని షీటునే ఎవరైనా అద్దెకిస్తారు. కొంచెం ఇరుగ్గా ఉన్నా కంగారు పడకండి. పెద్ద ఫ్లోర్ మీద పదిమంది ఎగురుతుంటే చూడ్డానికి వెలవెలబోతుంది.

పెళ్లికి వారం ముందు పని మొదలెట్టండి. జాగా చుట్టూ రెండేసి అడుగులు ఎక్కువ తీసుకుని గడ్డీ, వేళ్లూ చెక్కించండి. మీది మెత్తటి నేల కాబట్టి ఒక ట్రాక్టర్ గ్రావెల్ తోలించి మూడంగుళాల మందాన పరిపించండి. నీళ్లు చల్లి ఒక రాత్రి నాననిచ్చి, మర్నాడు దిమ్మిసతో కొట్టించండి. రసమట్టం పెట్టి చూడమని మేస్త్రీకి చెప్పండి. ఒక పక్కకి ఒకటి రెండు అంగుళాల వాలు ఉండాలి, లేకపోతే అకాలంగా వాన పడితే నీళ్లు అక్కడే నిలుస్తాయి.

ఈ నేల పని ఎగ్గొట్టొద్దని ఎందుకు ఇంతగా చెప్తున్నానంటే, దుకాణం పెట్టిన కొత్తలో నేను ఎగ్గొట్టాను. మెత్తటి దిబ్బ మీదే ఎర్ర తివాచీ పరిచేసి, పని అయిందనుకున్నాను. రెండో పాటకి తివాచీ ముడతలు పడింది, పెళ్లికొడుకు మేనమామ కాలు బెణికింది. మర్నాడు తంతు జరిగినంతసేపూ ఆయన కుర్చీలో కాలు చాపుకుని కూర్చుని నా వైపే చూశారు. బిల్లులో బాకీ సొమ్ము నేను అడగలేదు, వాళ్లూ ఇవ్వలేదు.

గట్టిపడిన నేల మీద టార్పాలిన్ పరిచి, దాని మీద మూడంగుళాల వెడల్పు, రెండంగుళాల ఎత్తు రీపర్లు, అంటే పొడవాటి చెక్క బద్దలు, పరిపించండి. 16 అంగుళాలకి ఒకటి చొప్పున 12 అడుగుల రీపర్లు పదమూడు కావాలి. షీట్లని రీపర్లకి అడ్డంగా వేస్తే అతుకులు సరిగ్గా రీపర్ మీదికే వస్తాయి. రీపర్ల మధ్య ఖాళీల్లో ఇసుక నింపించడం మరిచిపోకండి. నింపకపోతే ఒక్కొక్క గెంతుకీ డబడబమని చప్పుడొచ్చి పాట వినపడదు, షీటు కూడా ఊగుతుంది.

షీటు మందం 18 లేదా 19 మిల్లీమీటర్లు ఉండాలి. కొనొద్దు. మీ ఊళ్లో స్లాబులు వేసే సెంట్రింగ్ మేస్త్రీ దగ్గర ఉంటాయి, రెండు మూడు రోజులకి అద్దెకివ్వమంటే ఇస్తాడు. వెళ్లి మీరే ఏరుకోండి. అంచులు పగిలినవీ, సిమెంటు గడ్డకట్టినవీ వద్దు. నున్నటి గోధుమరంగు పూత ఉన్నవి తడి తగిలితే జారుతాయి కాబట్టి పూత లేనివి అడగండి. పూత ఉన్నవే దొరికితే మాత్రం సాయంత్రం దాకా టార్పాలిన్ కప్పి ఉంచి, పైన ఒక షామియానా వేయించండి. మంచు ఆపడానికి షామియానా ఎలాగూ మంచిదే.

మేకులు కొట్టనివ్వకండి. గంతులకి మేకు కొంచెం కొంచెంగా పైకి లేస్తుంది, వట్టి కాళ్లకి గుచ్చుకుంటుంది. స్క్రూలే వేయించి, తల చెక్కలోకి దిగేలా బిగించమనండి. అంతా అయ్యాక మీరు వట్టి కాళ్లతో, మెల్లగా, ప్రతి అడుగూ తొక్కి చూడండి. కార్పెంటర్ బూట్లతో చూసి బాగుందంటాడు.

ఫ్లోర్ ఎత్తు మూడంగుళాల లోపే, కానీ చీకట్లో తట్టుకుని పడడానికి అది చాలు. చుట్టూ మట్టితో వాలు కట్టి, పేడతో అలికి, అంచు వెంబడి ముగ్గుపిండితో మందంగా తెల్లగీత వేయించండి. రాత్రి బాగా కనిపిస్తుంది, అందంగానూ ఉంటుంది. మీ ఊళ్లో కోలాటం వాళ్లుంటే పిలవండి. వాళ్లకి చెక్కతో పని లేదు, పక్కనే చదును చేసిన నేల చాలు. వాళ్లు రెండు పాటలాడితే హైదరాబాద్ వాళ్లు ఫోన్లు పక్కన పెట్టి వచ్చి కలుస్తారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకా చెప్పలేదు. ఫ్లోర్ మీదికి వంగిన చెట్లన్నిటికీ ముందే దింపు తీయించండి, అంటే కాయలన్నీ కోయించేయండి. ఎండు మట్టలు కూడా కొట్టించండి. పాట సౌండుకి కాయ రాలదు గానీ, రాలే టైం దానిది. డాన్స్ చేసేవాళ్లు పైకి చూడరు. కాయలు అమ్ముకుంటే దింపు కూలి అందులోనే వచ్చేస్తుంది.

వైర్లు ఫ్లోర్ కింద నుంచి లాగనివ్వకండి, చెట్ల మీదుగా తాళ్లతో ఎత్తుగా కట్టించండి. బోర్డులో 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని గట్టిగా అడగండి. ఎవరికైనా షాక్ తగిలితే అరక్షణం లోపలే కరెంటు ఆపేసేది అదే. లైట్లకి రెండు మూలల నుంచి రెండు ఫోకస్ లైట్లు, చుట్టూ సీరియల్ సెట్లు చాలు. సౌండ్ బాక్సులు చెక్క మీద పెడితే గంతులకి ఊగి పడతాయి, నేల మీద ఇటుకలు పేర్చి పెట్టించండి.

పోలీస్ స్టేషన్లో మైకు పర్మిషన్ రాతపూర్వకంగా తీసుకోండి. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకులు మోగించకూడదు. అందుకని ఏడింటికే మొదలెట్టండి. భోజనాలయ్యాక ఆడదామనుకుంటే పది కొట్టేస్తుంది, ఆ తినేసిన కడుపులతో ఎవరూ ఆడనూ లేరు.

ఖర్చంటారా, నిరుడు మా చెల్లెలి ఇంట్లో పెళ్లికి ఇలాగే వేయించాను. గ్రావెల్‌కి రెండున్నర వేలు, ఇద్దరు కూలీలకి రెండు రోజులకి 2,800, కార్పెంటర్‌కి 1,200, షీట్ల అద్దె మూడు రోజులకి 900, స్క్రూలూ టార్పాలినూ కలిపి వెయ్యి. మొత్తం 8,400 అయింది. రీపర్లు నా పాత సరుకు, ఇసుక ఇంటిదగ్గరే ఉంది, ఆ రెండూ మీకు అదనం. మీ వైపు రేట్లు కొంచెం అటూ ఇటూ ఉన్నా డెబ్భై వేల దరిదాపులకి రాదు. మిగిలిన దాంట్లో పెళ్లికూతురికి ఏమైనా చేయించండి.

ప్రశ్న: బాబాయ్‌గారూ, మాది హైదరాబాద్. మా అక్క సంగీత్ లాన్‌లో పెడదామంటే అద్దె ఎక్కువ. మా మూడంతస్తుల ఇంటి డాబా మీద పెట్టుకుంటే ఎలా ఉంటుంది? డాబాకి ముప్పై ఏళ్లు. ఎనభై మంది వస్తారు.
- ఒక తమ్ముడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అబ్బాయ్, డాబా మీద భోజనాలు పెట్టుకో, ఫొటోలు దిగు. డాన్స్ మాత్రం వద్దు. సివిల్ ఇంజినీర్లు చూసుకునే ఐఎస్ 875 అనే ప్రమాణం ఒకటుంది. అందులో మనుషులు ఎక్కి తిరిగే డాబాకి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల బరువు లెక్క. కుర్చీలు బిగించని సభా స్థలాలకి అది 500 కిలోలు. అంటే మూడు రెట్లు పైన. ఒక మూల ముప్పై మంది దగ్గరగా చేరి ఒకే తాళానికి గెంతితే ఏమవుతుందో నీ ముప్పై ఏళ్ల డాబా మీద ప్రయోగం చేయకు. పిట్టగోడ ఎత్తు కూడా ఒకసారి చూసుకో, నడుం దాకా లేకపోతే పిల్లల్ని అసలు పైకి రానివ్వకు.

కింద పార్కింగ్ ఉంది కదా? దాని కింద మళ్లీ సెల్లార్ లేకపోతే అదే నీ డాన్స్ ఫ్లోర్. బళ్లు ఆ ఒక్క రాత్రికీ వీధిలో పెట్టించు. ఆయిల్ మరకల మీద రంపపు పొట్టు చల్లి, మర్నాడు ఊడ్చి, సర్ఫ్‌తో కడిగించు. వట్టి కాంక్రీట్ మీద గెంతితే మోకాళ్లు పట్టేస్తాయి, అందుకని పైన చెప్పినట్టు రీపర్లేసి ప్లైవుడ్ పరిపించు. పార్కింగ్‌లో స్తంభాలుంటాయి కాబట్టి వాటి మొదళ్లకి పాత బొంతలు చుట్టి, పైన బంతిపూల దండలు కట్టు. బొంతలున్నాయని ఎవరికీ తెలియదు.