60 గ్రాముల గంజాయి కేసులో శిక్ష ఎంత?

ప్రశ్న: మాది ములుగు జిల్లాలో ఒక పల్లె. మా అబ్బాయి హనుమకొండలో డిగ్రీ చదువుతూ మరో ఇద్దరితో కలిసి కిరాయి గదిలో ఉంటున్నాడు. పోయిన నెల పోలీసులు గది సోదా చేసి, ఒకరి సంచిలో 60 గ్రాముల గంజాయి దొరికిందని ముగ్గురి మీదా కేసు పెట్టి, నోటీసులిచ్చి పంపించారు. మావాడు కొంతకాలంగా గంజాయి తాగుతున్నానని మా దగ్గర ఒప్పుకున్నాడు కానీ, ఆ సంచి మాత్రం తనది కాదంటున్నాడు. రాష్ట్రానికో చట్టం ఉంటుందని, మన దగ్గర జరిమానా కట్టేస్తే అయిపోతుందని కొందరంటున్నారు. పదేళ్ల జైలు తప్పదని మరికొందరు భయపెడుతున్నారు. ఏది నిజం?
– ఒక తండ్రి

జవాబు: మన దేశంలో గంజాయి కేసులకు రాష్ట్రానికో శిక్ష లేదు. 1985లో పార్లమెంటు చేసిన మాదకద్రవ్యాల చట్టమే, అందరూ ఎన్‌డీపీఎస్ అని పిలిచేదే, వరంగల్‌లోనైనా వైజాగ్‌లోనైనా వర్తిస్తుంది. శిక్షను నిర్ణయించేది దొరికిన సరుకు బరువు. గంజాయి కిలో లోపు ఉంటే చిన్న పరిమాణం కింద ఏడాది వరకు కఠిన కారాగారం, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కిలో దాటి 20 కిలోల వరకు ఉంటే పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉంటాయి. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం కాబట్టి పదేళ్లకు తగ్గని, ఇరవై ఏళ్ల వరకు పొడిగించగల జైలుశిక్ష పడుతుంది; అటువంటి కేసుల్లో 37వ సెక్షన్ వల్ల బెయిల్ దొరకడం కూడా చాలా కష్టం. మీవాడి కేసు మొదటి తరగతిలోనిది కనుక, పదేళ్ల మాట దీనికి వర్తించదు.

అయితే జరిమానా కట్టేస్తే అయిపోతుందన్న మాటను నమ్మవద్దని గట్టిగా చెబుతున్నాను. నేరం ఒప్పుకొని జరిమానా కట్టినా చట్టం దృష్టిలో శిక్ష పడినట్టే. రేపు ప్రభుత్వ ఉద్యోగానికో, పాస్‌పోర్టుకో విచారణ జరిగినప్పుడు ఆ సంగతి బయటికి వస్తుంది. కోర్టుకు తిరగలేక తొందరపడి ఒప్పుకోవడం కన్నా, ఛార్జిషీటు వచ్చాక వకీలుతో కూర్చొని చదివించుకోవడం మేలు. అదే గదిలో ఉన్నంత మాత్రాన సరుకు మీవాడి స్వాధీనంలో ఉన్నట్టు కాదు. అది అక్కడ ఉందని అతనికి తెలుసునని, దానిపై అతనికి అదుపు ఉందని తేలాలి. సంచి ఎవరిది, ఎక్కడ దొరికింది, పంచనామాలో ఏం రాశారు, మేజిస్ట్రేటు సమక్షంలో నమూనాలు తీశారా అన్నవి ఇక్కడ కీలకం. గెజిటెడ్ అధికారి ముందు సోదా కోరే హక్కునిచ్చే 50వ సెక్షన్ ఒంటి మీద సోదాకే వర్తిస్తుంది, సంచులకు కాదని సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, దాని మీదే ఆశ పెట్టుకోకండి. నోటీసులో పిలిచిన రోజున మాత్రం తప్పకుండా హాజరు కావాలి. హాజరు కాకపోతే అరెస్టుకు దారి మీరే ఇచ్చినట్టవుతుంది.

తాగుతున్నానని అతనే చెప్పాడన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తాగడం కూడా నేరమే. 27వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. కానీ అదే చట్టంలోని 64ఏ సెక్షన్, గంజాయికి బానిసైనవారు తమంతట తాము ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న వైద్యశాలలో చికిత్సకు చేరి దానిని పూర్తి చేస్తే, తాగిన నేరానికీ చిన్న పరిమాణం నేరానికీ విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. అలవాటు ఏ స్థాయిలో ఉందో తేల్చవలసినది డాక్టరే కనుక, పరువు పోతుందని దాచకుండా ఈ వారమే ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించి, కాగితాలు భద్రపరచండి. ఇంటి నుంచే సలహా కావాలంటే 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ప్రశ్న: మా తమ్ముడు అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్నాడు. అక్కడ గంజాయి నేరం కాదంటాడు. నిజమేనా?
– ఒక అక్క, కరీంనగర్

జవాబు: రాష్ట్రానికో చట్టం అన్నది అక్కడి సంగతి. కాలిఫోర్నియాలో 21 ఏళ్లు నిండినవారు 28.5 గ్రాముల వరకు దగ్గర ఉంచుకోవచ్చు. ఇలినాయిలో స్థానికులకు 30 గ్రాములు, బయటివారికి అందులో సగం అనుమతిస్తారు. మనవాళ్లు ఎక్కువగా చదివే టెక్సాస్‌లో మాత్రం సుమారు 56 గ్రాముల లోపు దొరికినా 180 రోజుల వరకు జైలు, 2,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు.

మీ తమ్ముడు గమనించవలసింది మరొకటి ఉంది. రాష్ట్రం అనుమతించినా ఫెడరల్, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వ, చట్టం ప్రకారం గంజాయి నిషిద్ధమే, వీసా ఇచ్చేదీ రద్దు చేసేదీ ఆ ఫెడరల్ ప్రభుత్వమే. శిక్ష పడకపోయినా, తాగానని అధికారుల ముందు ఒప్పుకున్నా వీసాకు ఇబ్బంది రావచ్చు. కాబట్టి అక్కడి స్నేహితులకు చెల్లిన మాట విద్యార్థి వీసా మీద ఉన్నవారికి చెల్లదు. అక్కడ దుకాణంలో బిల్లు కట్టి కొన్నదైనా సరే, సెలవులకు వస్తూ సంచిలో పెట్టుకుంటే శంషాబాద్‌లో దిగగానే వర్తించేది పైన చెప్పిన మన చట్టమే.