దున్నని నేలకు మైనపు కుళ్లాయి

ప్రశ్న: సార్, మా అబ్బాయి వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. మొన్న అక్టోబరులో గొర్రెలు మేసే గుట్ట మీద గులాబి రంగు పుట్టగొడుగు కనిపిస్తే ఫొటో పంపాడు. మీకూ పంపుతున్నాను. పీకబోతే వాళ్ల ఇంటి ఓనరమ్మ చెయ్యి పట్టుకుని ఆపిందట, అది అంతరించిపోతున్న రకమని. రాత్రికి మొలిచి నాలుగు రోజుల్లో కుళ్లిపోయేదానికి అంత కాపలా ఏమిటి? పైగా దాని పక్కనే గొర్రెల్ని మేపుతారట! గొర్రెలు పడితే నేల పాడవుతుందని కదా మనకు చెప్తారు? ఇంకొకటి, నాలుగు ఎండబెట్టి తెమ్మంటే కూరకు పనికొస్తాయా?
– ఒక పాఠకురాలు, ఉరవకొండ

జవాబు: ఫొటో చూశానమ్మా. ముందు వేరే ఏదో అనుకుని, పెద్దది చేసి చూశాక కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. నడినెత్తిన సన్నటి మొన. అంచులు అక్కడక్కడా చీలి పైకి లేచాయి, పరికిణీ కట్టుకున్న పిల్ల గిర్రున తిరిగినప్పుడు లేచినట్టు. అక్కడివాళ్లు దీన్ని ముద్దుగా బాలెరీనా అంటారు. అసలు పేరు పింక్ వాక్స్‌క్యాప్. శాస్త్రీయ నామం పోర్పోలోమాప్సిస్ కాలిప్ట్రిఫార్మిస్. ముప్పై ఏళ్లు బాటనీ చెప్పిన నాకే నోరు తిరగదు, మీరు మైనపు కుళ్లాయి అనుకోండి చాలు. కింద ఉండే రేకుల్ని వేళ్ల మధ్య నలిపితే కొవ్వొత్తి ముట్టుకున్నట్టు జారుతుంది. మైనపు కుళ్లాయిల్లో ఎర్రనివి, పసుప్పచ్చవి కూడా ఉన్నాయి. చిలకపచ్చ రంగుది కూడా ఉంది, దానికి పైనంతా జిగురు. ఇంకొకటి ముట్టుకుంటే నల్లబడిపోతుంది. మీవాడికి కనిపించిన గులాబిది ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఎర్ర జాబితాలో 'వల్నరబుల్', అంటే ముప్పున్న వర్గంలో ఉంది.

కాపలా దేనికన్నారు. మన వేరుశనగ మొక్కను తలకిందులుగా ఊహించుకోండి. దాని కాయ నేలలో, చెట్టు పైన. దీని కాయ పైన, ఒళ్లంతా నేలలో. మీవాడు చూసింది కాయ మాత్రమే. దూదిపోగుల్లాంటి దారాలు మట్టిలో పరుచుకుని ఉంటాయి, అదీ అసలు ప్రాణి. ఒక కాయ పీకితే దానికి వచ్చే నష్టం తక్కువే, ఆ మాటకొస్తే ఇంటావిడ కొంచెం అతి చేసింది. కానీ నాగలి ఒక్కసారి దిగిందా, ఆ దారాలు తెగిపోతాయి. యూరియా, డీఏపీ చల్లినా అంతే. ఎరువు మానేసిన తర్వాత కూడా అది మళ్లీ తలెత్తడానికి దశాబ్దాలు పడుతుంది. మన పాల పుట్టగొడుగుల్లా వరిగడ్డి సంచుల్లో పెంచుకునే రకం కాదు. గడ్డి వేళ్లతోనో నాచుతోనో దానికేదో లావాదేవీ ఉందంటారు, ఆ లెక్క ఇంకా పూర్తిగా తేలలేదు.

ఇంగ్లండ్, వేల్స్ పల్లపు ప్రాంతాల్లో 1930ల నుంచి 1984 లోపల పాతకాలపు పచ్చిక బయళ్లలో 97 శాతం పోయాయి. యుద్ధకాలంలో తిండిగింజల కోసం దున్నారు, ఆ తర్వాత బస్తాల ఎరువు వచ్చింది. మిగిలినవి ఎక్కడంటే గుట్టల వాలుల్లో, చర్చిల పక్కన సమాధుల మధ్య, పాత బంగళాల ముందున్న పచ్చికలో. ట్రాక్టరు ఎక్కని చోటల్లా అన్నమాట. ఇప్పుడక్కడ పిడికెడు మట్టి తీసుకెళ్లి డీఎన్ఏ చూసి, కాయ కనిపించని నెలల్లో కూడా ఇది ఉందో లేదో చెప్తున్నారు.

ఇక గొర్రెలు. గడ్డిని అవి కురచగా కొరికి ఉంచుతాయి కాబట్టే అక్కడ నాచు బతుకుతుంది, బెత్తెడు ఎత్తు కుళ్లాయి వెలుగులోకి వస్తుంది. మేత ఆగితే గడ్డి మోకాలెత్తు పెరిగి కింద అంతా మగ్గిపోతుంది. అలాగని మనం చేనిలో మంద కట్టించినట్టు రాత్రుళ్లు అక్కడే గొర్రెల్ని నిలబెడితే, ఆ పెంటే దానికి ఎరువై కూర్చుంటుంది. కాబట్టి మీరు విన్న మాటా నిజమే, వాళ్లు చేసేదీ సరైనదే. ఎన్ని గొర్రెలు, ఎన్నాళ్లు అన్నదే ప్రశ్న.

దానికి ఇంకో శత్రువు చెప్తే మీకు నచ్చదేమో: చెట్లు నాటడం. బయలు కనిపిస్తే చాలు, ఖాళీగా ఉంది కదా అని మొక్కలు పెట్టేయడం అక్కడా ఉంది. నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లల్ని తీసుకెళ్లి మా కాలేజీ వెనక బీడులో వరసగా గుంతలు తవ్వించి సుబాబుల్ పెట్టించాను. ఫొటోలు దిగాం. నాలుగేళ్లకు ఒక గొర్రెల కాపరి గేటు దగ్గర నన్ను ఆపి, "మా బోద అంతా పాయె కదా సార్, యాడ మేపాల?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక స్టాఫ్ రూములోకి వెళ్లిపోయాను. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మన జిల్లాలో ఆ బోదగడ్డి ఏ ఏటికి ఆ ఏడు నిలబడిందంటేనే గొప్ప, దాన్నే మనం పోరంబోకు అని రాసుకున్నాం. బట్టమేక పిట్ట కోసం 1988లో కర్నూలు వైపున్న రోళ్లపాడును అభయారణ్యం చేశారు, అదీ ఇలాంటి గడ్డి నేలే.

మరి మన గుట్టల మీద ఈ కుళ్లాయి దొరుకుతుందా అని మీరు అడగలేదు కానీ చెప్తాను. గులాబిది దొరకదు. దాని చుట్టాలు కేరళ వైపు పడమటి కనుమల్లో ఉన్నాయి, అయితే అవి ఎక్కువగా అడవి నీడలో ఉంటాయి. గడ్డి నేలను పట్టుకుని వేలాడడం ముఖ్యంగా యూరప్ వాటి అలవాటు.

మీవాడికి చెప్పండి, ఈసారి పీకకుండా దాని కింద చిన్న అద్దం పెట్టి, అందులో కనిపించే రేకుల ఫొటో తీయమని. పక్కన ఒక నాణెం పెడితే సైజు తెలుస్తుంది. వచ్చే అక్టోబరులో అదే చోట మళ్లీ లేచిందేమో చూసి రాస్తే ఈ శీర్షికలో వేస్తాను.

కూర సంగతి వదిలేయండమ్మా. అందులో ఉన్నదంతా నీళ్లే, ఎండితే రంగు పోయి పొగాకు తునకలా మిగులుతుంది. అనంతపురం వచ్చినప్పుడు పావుకిలో పాల పుట్టగొడుగులు కొనుక్కుని ఉల్లిగడ్డ, మిరియాలు వేసి వేయించుకోండి.