మాయ తెర వెనక

ప్రశ్న: హనుమకొండ బడిలో కొత్తగా చేరిన. దోస్తులెవరూ లేరు. నాటకంలో దయ్యం కనిపించి మాయమయ్యే సీన్‌కు తెర వెనక పని చేయమన్నారు. చేయాల్నా?
- తొమ్మిదో తరగతి విద్యార్థిని

జవాబు: తప్పకుండా చెయ్యమ్మా. ముగ్గురు కలిస్తేనే అయ్యే పని అది, మాటలు వాటంతటవే కలుస్తాయి. సన్న అల్లిక దోమతెర బిగించి, దాని మీద గోడ బొమ్మ వెయ్యండి. రంగు పల్చగా అద్దాలి. చిక్కగా పూస్తే కన్నాలు మూసుకుపోతాయి. దయ్యం తెరకు 4 అడుగుల వెనక, నల్ల దుప్పటి ముందు నిలబడాలి. తెర ముందున్న లైటు పక్కనుంచి ఏటవాలుగా పడితే గోడే కనిపిస్తుంది. అది ఆర్పి తెర వెనక లైటు వేస్తే దయ్యం! ముందు లైటు ఎదురుగా పెడితే వెలుగు కన్నాల్లోంచి దూరి గుట్టు బయటపడుతుంది. లైట్లు ఎప్పుడు మార్చాలో సైగ చేసే పని నువ్వడుగు. చీకట్లో మాట జనానికి వినబడుతుంది, అందుకే స్విచ్చుల దగ్గరున్న ఇద్దరి భుజం తట్టాలి.