తెగింది నరమా, నాడియా?

సందేహం: మా చిన్నాన్నకు మెడ పక్కన బిళ్ల కడితే తీసి పరీక్షకు పంపారు. అప్పటినుంచి కుడిభుజం జారింది, చెయ్యి తల దాకా లేవడం లేదు. ‘నరం దెబ్బతింది’ అన్నారు డాక్టరు. ‘రక్తమే పోలేదు, నరమెలా తెగుతుంది?’ అంటుంది పిన్ని. ఇంతకీ నెర్వ్‌ను నరం అనాలా, నాడి అనాలా?

సమాధానం: మీ పిన్నిగారి ప్రశ్న సబబైనదే. ఆవిడ ఎరిగిన నరం, సెలైన్ ఎక్కించేముందు నర్సు మోచేతి మడతలో తట్టి తట్టి వెతికేది, అంటే రక్తం పారే సిర. డాక్టరుగారు చెప్పింది వేరొకటి, మెదడు ఆజ్ఞను కండకు చేరవేసే నెర్వ్. రెంటికీ మనకున్నది ఒకే మాట.

నరం దేశ్యపదం. తమిళంలో నరంబు, మలయాళంలో ఞరంబు, కన్నడంలో నర. పాత తమిళంలో యాళ్ అనే వాద్యానికి బిగించే తీగ కూడా నరంబే. బిగలాగి కట్టిన పోగు అన్నదే మొదటి అర్థమని నా నమ్మకం. గ్రీకు న్యూరాన్, లాటిన్ నెర్వస్ కూడా మొదట కండను ఎముకకు పట్టి ఉంచే పోగులే, వింటినారులే. మన ‘స్నాయువు’ వాటికి చుట్టం. ద్రావిడానికి ఆ చుట్టరికమేమీ లేదు. అయినా మాట నడిచిన దారి ఒక్కటే! ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

‘నరం లేని నాలుక’ సామెతలోనూ ఆ పాత అర్థమే ఉంది. నాలుకను ఆడించేది పన్నెండో కపాలనాడి, అంటే మెదడునుంచి పుర్రె దాటి మెడమీదుగా వచ్చే నెర్వ్. నెర్వ్ అనుకుంటే సామెత తప్పవుతుంది. బిగించి పట్టే పోగు లేదు కనుక ఎటైనా తిరుగుతుందని పెద్దల భావం.

నాడి సంస్కృతం. బోలు కాడ, గొట్టం; ఘడియ అనే అర్థమూ ఉంది. పాఠ్యపుస్తకాలు దాన్ని నెర్వ్‌కు ఖాయం చేసి 12 జతల కపాలనాడులు అన్నాయి.

‘నరాలు తెగే ఉత్కంఠ’ అని ప్రతి క్రికెట్ ఆటకూ రాసేవారు ఒక్కసారి మీ చిన్నాన్నగారిని చూడాలి. ఇలాంటి చోట దెబ్బతినేది సాధారణంగా పదకొండో కపాలనాడి. చెవి వెనకనుంచి రొమ్ముకు దిగే కండను దాటి, మెడ పక్కన చర్మానికి బాగా దగ్గరగా, బిళ్లల నడుమనుంచి వెళ్లి భుజం మీది ట్రెపీజియస్ కండలో చేరుతుంది. బిళ్ల తీసే కత్తికి సులువుగా అందుతుంది. తెగినా రక్తం కట్టలు తెంచుకోదు. రోగి చొక్కా తొడుక్కోబోతే చెయ్యి లేవదు, అప్పుడు బయటపడుతుంది.

పుస్తకంలో నాడి అనే రాయండి. ఇంట్లో ‘నాడి తెగింది’ అంటే ప్రాణం పోయిందనుకుంటారు, కనుక అక్కడ నరమే మేలేమో. నర్సును ‘సిర’ అనమని పట్టుబట్టను. ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించే కాగితంలో మాత్రం ఒట్టి ‘నరం’ చాలదు. ‘చెయ్యి పైకెత్తే నరం’ అని ఉంటే మీ పిన్నిగారు అడగవలసింది ఆ రోజే అడిగేవారు.