సీజరు పెడచెవి, మా నాన్నగారి శ్రుతి

ఇక్కడ అడిగిన ప్రశ్న ఇది: ‘విషాద నాటకాలలోని మహావీరులు కళ్ళెదుట ఉన్న హెచ్చరికలను ఎందుకు లెక్కచేయరు? అది గర్వమా, లేక శకునాలకూ జోస్యాలకూ లొంగని వివేకమా? వివేకమే అయితే నాటకకర్తలు దానిని తప్పుగా ఎందుకు చూపిస్తారు?’

ముందుగా ఒక మాట చెప్పాలి. ఈ ప్రశ్న గర్వాన్నీ మూఢనమ్మకాన్నీ ఎదురెదురుగా నిలబెడుతోంది. నాటకాలలో అవి అలా ఉండవు. రెండూ ఒకే మనిషిలో, ఒకే గదిలో కాపురం చేస్తాయి. ఆ వీరులు శకునాలను నమ్మనివారు కారు. ఏ మాట పాటిస్తే నలుగురిలో చిన్నబోతామని వారికి అనిపిస్తుందో ఆ మాట మాత్రమే, అది శకునమైనా శాస్త్రమైనా, వారి చెవికి ఎక్కదు. నేను దీనిని పుస్తకాలలో కంటే ముందు మా ఇంట్లో చూశాను కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

విజయనగరంలో డిగ్రీ చదువుతున్న రోజులలో మా ఇంగ్లీషు మాస్టారు షేక్‌స్పియర్ రాసిన ‘జూలియస్ సీజర్’ నాటకాన్ని తానే తెలుగు చేసి మా చేత ఆడించారు. రోమును ఏలే సీజరును కుట్రదారులు మార్చి పదిహేనున చంపే కథ అది. నాకు జోస్యుడి వేషం ఇచ్చారు. ‘మార్చి పదిహేనవ తేదీ జాగ్రత్త’ అనే మాటను జనం మధ్య నుంచి చెప్పాలి. రిహార్సల్‌లో నేను గొంతు చించుకుని అరిచాను. మాస్టారు ఆపి, ‘అరవనక్కర లేదు, నీ మాట అతనికి బాగానే వినబడింది; నిన్ను ముందుకు పిలిపించి, నీ ముఖం చూసి, రెండోసారి చెప్పించుకున్నాడు కదా’ అన్నారు. నిజమే. విన్నాక, చూశాక, ‘ఇతడు కలలు కనేవాడు, పదండి’ అని సీజరు వెళ్ళిపోతాడు. వినబడకపోవడం ఆ నాటకంలో ఎక్కడా సమస్య కాదు.

ఆ కాసేపటికే సీజరు తన ఆప్తుడు ఆంటోనీతో, ‘నా కుడివైపుకు రా, ఈ చెవి వినబడదు’ అంటాడు. ఈ ఎడమ చెవి చెవుడు షేక్‌స్పియర్ కల్పన. అతడు కథను తీసుకున్నది ప్లూటార్కు అనే గ్రీకు రచయిత రాసిన జీవిత చరిత్ర నుంచి; అందులో అది లేదు. ‘పెడచెవిన పెట్టడం’ అనే మాటను మనం రోజూ వాడుతూ ఉంటాం, కాని దానిని ఒక మనిషి శరీరంలో పెట్టి రంగస్థలం మీద నిలబెట్టడం నేను అక్కడే చూశాను. మా నాటకంలో సీజరు వేషం వేసిన మిత్రుడు ప్రతి మాటకూ మెడను కొద్దిగా ఎడమకు తిప్పి కుడి చెవిని ముందుకు పెట్టేవాడు. ఆ చిన్న కదలికతో అతడు ఎవరి మాట వినదలచుకున్నాడో, ఎవరిని చెవుడు వైపు వదిలేశాడో ప్రేక్షకులకు తెలిసిపోయేది.

మరి ఈ సీజరు శకునాలను నమ్మనివాడా? మొదటి అంకంలోనే, పరుగు పందెంలో ఉన్న ఆంటోనీ తన భార్యను తాకితే ఆమె గొడ్డుతనం పోతుందని పెద్దలు చెబుతారు కనుక మరవకుండా తాకమని పురమాయిస్తాడు. ఈ మధ్య ఇతనికి శకునాల పట్టింపు ఎక్కువైందని కుట్రదారు కాషియస్ అంటాడు. తన హత్య జరిగే రోజు తెల్లవారుజామున తానే పూజారులకు కబురుపెట్టి బలి ఇప్పిస్తాడు. బలిపశువులో గుండె కనబడలేదని వార్త వస్తే, ‘ఇంట్లో ఉండిపోతే నేనే గుండెలేని పశువును అవుతాను’ అని తనకు కావలసిన అర్థం తానే చెప్పుకుంటాడు. శకునం అడిగింది అతడే, దానిని తిప్పి చదివిందీ అతడే.

ఆ తరువాతి ఘట్టాన్ని ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు. రాత్రి పీడకల కన్న భార్య కల్పూర్నియా మోకాళ్ళ మీద నిలబడి, ‘భయం నాది అని చెప్పండి, మీది కాదు’ అని వేడుకుంటుంది. భర్త పరువుకు దెబ్బ తగలకుండా ఆగిపోయే దారి ఏదో ఆమెకు తెలుసు. సీజరు ఒప్పుకుంటాడు కూడా; ఒంట్లో బాగాలేదని ఆంటోనీ చేత చెప్పిస్తానంటాడు. అంతలో అతన్ని సభకు తీసుకుపోవడానికి కుట్రదారులలో ఒకడైన డీసియస్ వస్తాడు. పరాయివాడు గుమ్మంలోకి రాగానే అదే మాట అబద్ధంగా తోస్తుంది: ‘సీజరు అబద్ధం చెప్పి పంపుతాడా?’ డీసియస్ కలకు మంచి అర్థం చెబుతాడు, కిరీటం ఆశ చూపుతాడు, చివరగా ‘సీజరు భార్యకు మంచి కలలు వచ్చేదాకా సభ వాయిదా వేద్దామని ఎవరైనా ఎగతాళి చేస్తారేమో’ అంటాడు. కిరీటం కంటే ఈ ఎగతాళి మాటే పని చేసిందని నా నమ్మకం. సీజరు పైవస్త్రం తెమ్మంటాడు.

దీనిని అంత గట్టిగా నమ్మడానికి కారణం మా నాన్నగారు. ఆయన చీపురుపల్లి ప్రాంతంలో బడిపంతులు. జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం దుర్యోధనుడి వేషానికి. మా వైపు గ్రామదేవతల సంబరాలకు, తీర్థాలకు పద్యనాటకాలు పెట్టించేవారు, ఆ రోజులలో నాన్నగారికి రాత్రి నిద్ర ఉండేది కాదు. శకునాల పట్టింపు ఆయనకు చాలా ఎక్కువ. బయలుదేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే అరుగు మీద కూర్చొని, చెంబుడు నీళ్ళు తాగి, కాసేపు ఆగి గాని కదిలేవారు కాదు. కుంకుమ బొట్టు పెట్టనిదే కిరీటం తలకెత్తుకునేవారు కాదు.

నాకు పధ్నాలుగో ఏడు నడుస్తుండగా ఆయన గొంతు బొంగురుపోయింది. చూసిన వైద్యుడు స్వరతంత్రుల మీద చిన్న కాయ లేచిందని, నెలన్నర పాటు పాడడం మాట అటుంచి గట్టిగా మాట్లాడనైనా వద్దని చెప్పారు. ఆ రాత్రే మా అమ్మకు కల వచ్చింది: చెరువు అవతలి గట్టు మీద నాన్నగారు నిలబడి ఆమెను పిలుస్తున్నారు, పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఆయన వైద్యుడి మాటకు తల ఊపారు, కలను విని నిజంగానే బెదిరారు, రాజాం దగ్గరి ఒక ఊళ్ళో ఒప్పుకున్న నాటకానికి రాలేనని కబురు పంపారు.

మరునాడు నాటకాల కాంట్రాక్టరు వచ్చి వీధి అరుగు మీద కూర్చున్నాడు. గొంతు పాడైందని కమిటీకి చెప్పనా అని అడిగాడు. నాన్నగారు వద్దన్నారు, పద్యం పాడేవాడికి గొంతు పోయిందన్న మాట ఒకసారి ఊళ్ళలో పాకితే మళ్ళీ పిలిచేవారుండరు. ‘పోనీ మాస్టారూ, అమ్మగారికి కల వచ్చిందట, అందుకని దుర్యోధనుడు రాలేదని చెప్పేస్తాను’ అన్నాడు అతడు. అందులో వెక్కిరింపు ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నాన్నగారు లేచి లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె దించారు. అమ్మ గడప దగ్గర నిలబడి, ‘ఏమండీ, వైద్యుడి మాటైనా వినండి’ అన్నది. ఆయన సమాధానం చెప్పలేదు.

ఆ రాత్రి తెర పక్కన నేను ఉన్నాను. హార్మోనియం వాయించే పెద్దాయన నాన్నగారి దగ్గరకు వంగి, ‘ఈ పూటకు శ్రుతి ఒక మెట్టు దించుదాం మాస్టారూ, ఎవరికీ తెలియదు’ అన్నాడు. నాన్నగారు కిరీటం సర్దుకుంటూ ‘సుయోధనుడు శ్రుతి దించడు’ అన్నారు. తరువాతెప్పుడో నాటకం చదువుతూ, సీజరు తనను తాను ‘నేను’ అనకుండా మాటిమాటికీ ‘సీజరు’ అనుకోవడం చూసినప్పుడు నాకు వెంటనే గుర్తుకు వచ్చింది ఈ వాక్యమే. మనిషి పక్కకు తప్పుకుని, పేరు నిర్ణయం తీసుకుంటుంది. రాయబారం ఘట్టంలో ఒక పద్యం మూడో పాదంలో, పైస్థాయి అందుకునే చోట, గొంతు తెగింది. హార్మోనియం మాత్రం ఆ రాగాన్ని చివరిదాకా నడిపింది. గద భుజాన పెట్టుకుని నాన్నగారు నిలబడి ఉన్నారు, పెదవులు కదులుతున్నాయి. కృష్ణుడి వేషం వేసినాయన ఒక క్షణం చూసి, తన పద్యం ఎత్తుకుని ఆయనను కాపాడాడు. నాన్నగారు మళ్ళీ వేషం కట్టలేదు. అమ్మ ఆ కల ప్రస్తావన జీవితంలో ఇంకెప్పుడూ తేలేదు.

చాలా ఏళ్ళు నేను ఆ కాంట్రాక్టరును తప్పుపట్టాను. ఇప్పుడు అలా అనుకోను. డీసియస్ అయినా, అతడైనా బయటి నుంచి కొత్తగా తెచ్చినదేమీ లేదు. లోపల అప్పటికే ఉన్న మాటను పైకి అన్నారు, అంతే.

దుర్యోధనుడి సంగతే తీసుకోండి. మన పద్యనాటకాలలో ‘పడక సీను’ అని పిలుచుకునే ఘట్టం ఉంది. యుద్ధసాయం అడగడానికి దుర్యోధనుడే ముందు వస్తాడు. నిద్రపోతున్న కృష్ణుడి తలవైపు ఉన్న ఆసనం మీద కూర్చుంటాడు. తరువాత వచ్చిన అర్జునుడు కాళ్ళ దగ్గర నిలబడతాడు. కళ్ళు తెరిచిన కృష్ణుడికి ముందు కనబడేది అర్జునుడే. ఇక్కడ శకునం లేదు, శాపం లేదు, జోస్యుడు లేడు. ఎక్కడ కూర్చోవాలన్న ఒక్క చిన్న నిర్ణయం మాత్రం ఉంది. నాన్నగారు ఈ సీనులో నేరుగా వెళ్ళి కూర్చునేవారు కాదు. ముందు పాదాల వైపు చూసి, ప్రేక్షకుల వైపు చూసి, అప్పుడు తలవైపు ఆసనానికి నడిచేవారు. ఆ మధ్య చూపే ఈ ప్రశ్నకు అసలైన జవాబు అని నేను అనుకుంటాను.

గ్రీకు నాటకంలో ఈడిపస్ కూడా, తండ్రిని చంపుతావన్న దైవవాక్కును నమ్మనివాడు కాడు. నమ్మాడు కనుకనే తాను పెరిగిన కొరింతు నగరం విడిచి పారిపోయాడు. గుడ్డి జోస్యుడు టైరీసియస్ నిజం చెప్పినప్పుడు మాత్రం, ‘స్ఫింక్స్ రాక్షసి పొడుపుకథ వేసి ఊరిని పీడిస్తున్నప్పుడు నీ విద్య ఏమైంది, దానిని విప్పింది నేను కదా’ అని పాత విజయాన్ని అడ్డుపెట్టుకుంటాడు, ముసలివాని గుడ్డితనాన్ని ఎత్తిపొడుస్తాడు. షేక్‌స్పియర్ మాక్‌బెత్ మరొక రకం: మంత్రగత్తెల మాటలలో తనకు రుచించినవి పూర్తిగా నమ్మినవాడు. చీకటిశక్తులు చిన్న చిన్న నిజాలు చెప్పి పెద్ద విషయంలో ముంచుతాయని తోటి సేనాని బాంకో అప్పుడే హెచ్చరిస్తాడు, ఆ మాట మాత్రం అతనికి పట్టదు.

ఇక మీ ప్రశ్నలోని రెండో భాగం: జోస్యుడి మాట వినకపోవడం వివేకం కాదా? కావచ్చు. అందుకే షేక్‌స్పియర్ జోస్యం పక్కనే మరొక హెచ్చరికను పెట్టాడు, దానిలో మాయ ఏమీ లేదు. ఆర్టెమిడోరస్ అనే పండితుడు కుట్రదారుల పేర్లన్నీ వరసగా రాసి, ఆ కాగితాన్ని దారిలో సీజరు చేతికివ్వబోతాడు. ‘ముందు ఇది చదవండి, ఇది మీకు సంబంధించినది’ అంటాడు. ‘మాకు సంబంధించినదైతే చివరన చూస్తాం’ అని సీజరు ముందుకు వెళ్ళిపోతాడు. ప్లూటార్కు కథనంలో ఇలా లేదు. అక్కడ సీజరు కాగితం తీసుకుంటాడు, చదవాలని చాలాసార్లు ప్రయత్నిస్తాడు, చుట్టూ మూగిన జనం వల్ల చదవలేకపోతాడు. అక్కడ అది దురదృష్టం. 1599 నాటి రంగస్థలం మీద అది సీజరు స్వయంగా ఎంచుకున్న మాటగా మారింది, పైగా ఎంతో ఉదాత్తంగా వినిపించే మాటగా. స్వార్థం లేని పాలకుడు అనవలసిన మాటే అది. జనం వింటున్నారు కనుక అన్నాడు. ఆ పొద్దుటే రెండుసార్లు మనసు మార్చుకున్న మనిషి, కత్తులు దిగడానికి కొన్ని క్షణాల ముందు, తాను ధ్రువనక్షత్రంలా చలించనివాడినని సభలో చెప్పుకుంటాడు.

మా ఇంట్లోనూ అంతే. అమ్మ కలను కొట్టిపారేస్తే నేను నాన్నగారిని తప్పుపట్టేవాడిని కాదు. కాని కలతో పాటు వైద్యుడి మాటా, హార్మోనియం పెద్దాయన మాటా కొట్టుకుపోయాయి. మూడూ ఒక్క కారణానికే పోయాయి.

మా విజయనగరం వారికి ఈ కథ పరాయిది కాదు. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం జరిగింది, ఆ తరువాత కొద్ది రోజులకే మా విజయనగరం రాజు విజయరామరాజు తన గుడారంలో తాండ్ర పాపారాయుడి చేతిలో హతుడయ్యాడు. ఆ యుద్ధం వద్దని విజయరామరాజు చెల్లెలు పైడిమాంబ వేడుకున్నదని, అన్న వినలేదని, ఆమె తరువాత అమ్మవారిలో ఐక్యమై పెద్దచెరువులో విగ్రహంగా వెలిసిందని మా ఊళ్ళో తరతరాలుగా చెప్పుకుంటారు. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం ఆ అమ్మవారి సిరిమానోత్సవంలో పూజారి ఆ పొడవాటి మాను చివర, జనం తలల మీదుగా, ఆకాశంలో కూర్చుని మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్ళి వస్తాడు. చిన్నప్పుడు అమ్మ నన్ను చంకనెత్తుకుని అది చూపించేది. ఇప్పుడు నేను ప్రతి ఏడూ వెళ్తాను, మాను కోట ముందుకు వచ్చేసరికి అమ్మ ఆ రోజు గడప దగ్గర నిలబడి అన్న మాట గుర్తుకు వస్తుంది.